చంద్రుడికి టిక్కెట్టు తీసుకున్న వెల్డరు

గురువారం మధ్యాహ్నం మూడుంపావుకి టాటానగర్ దగ్గర బిర్సానగర్‌లో ఇనుప ట్యాంకులు చేసే ఫ్యాబ్రికేషన్ యార్డు గేటు ముందు ఆటో దిగాను. చేతిలో అసిరయ్య స్టీలు క్యారియరు ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. మనిషి కనబడకుండా పోతే వాడి క్యారియరు పట్టుకుని బయల్దేరానంటే నా బుద్ధి ఎలా ఉందో చూడండి.

గేటు పక్కన సీతారామరావు మోటారుసైకిలు నిలబెట్టి ఉంది. నాకన్నా ముందే వచ్చేశాడన్నమాట. రైల్వే పోలీసులో ఇరవై రెండేళ్ళు చేసి రిటైరై, 'ప్రైవేట్ డిటెక్టివ్' అని ఇంటి ముందు బోర్డు కట్టుకున్న మనిషి ఆయన. నాకు బోర్డు లేదు. బాగ్‌బేరా రైల్వే కాలనీలో మెస్సు ఉంది. ఒంటరి మగాళ్ళకి క్యారియర్లు కట్టి పంపుతాను. ముప్ఫయ్యేళ్ళుగా ఎవరు ఏ పూట ఏం తిన్నారో, ఏది వదిలేశారో అంతా గుర్తే. కిందటేడు కాలనీలో పంపుసెట్టు ఎత్తుకుపోయినవాణ్ణి, వాడు వదిలేసిన వంకాయ కూరతోనే పట్టించాను. అప్పట్నించి ఎవరింట్లో ఏది పోయినా ముందు నా గుమ్మం తొక్కుతారు.

ఈసారి పోయినవి రెండు. యార్డులో ఒక ఆక్సిజన్ సిలిండరు పోయింది. యార్డులోనే ఒక మూల గదిలో ఉండే వెల్డరు అసిరయ్య మంగళవారం సాయంత్రం నుంచి కనబడటంలేదు. యార్డు యజమాని సీతారామరావుని పెట్టుకున్నాడు. ఆయన ఈ రెండూ కలిపి ముడివేసి, మధ్యాహ్నం నా మెస్సుకి వచ్చి చెప్పాడు: "మీ అసిరయ్య సిలిండరు అమ్ముకుని రైలెక్కేశాడండీ. సాయంత్రం ఆరింటికి పోలీసు థానాలో ఫిర్యాదు కాయితం ఇచ్చేస్తున్నాను."

అరవై ఏళ్ళొచ్చి, భార్య పోయి, పిల్లల్లేక, ఈ ఊళ్ళో మంచి వెల్డరన్న ఒక్క పేరు తప్ప ఇంకేమీ లేని మనిషి. ఆ కాయితం థానాకి వెళితే ఆ పేరూ పోతుంది. ఇంకొక భయం కూడా ఉంది. మంగళవారం రాత్రి ఎనిమిది నుంచి సరిగ్గా రెండు రోజులకని అతను నా దగ్గర తిండి కట్టించుకున్నాడు. ఆ రెండు రోజులూ ఈ రాత్రి ఎనిమిదింటికి అయిపోతాయి.

గేటు కాపలావాడు ఆదిబాబు లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ళవాడు, సోంపేట దగ్గరివాడు. మణికట్టుకి నిన్నటి విశ్వకర్మ పూజ ఎర్రదారం ఉంది. నన్ను చూసి నవ్వబోయి మానేశాడు.

"ఏటి మామ్మా, ఇంత దూరం వచ్చీసేవు?"

"నీకోసమేరా. అసిరయ్య ఈ గేటులోంచి ఆఖరిసారి లోపలికెప్పుడు వచ్చేడు?"

"మంగలారం సాయంత్రం ఏడింటికి. సైకిలు మీద. మూట ఒకటుంది."

"బయటికి?"

"నాను సూడనేదు."

"గేటు ఒగ్గీసి ఎక్కడికైనా ఎల్లేవా?"

"నీ మీదొట్టు, నేదు మామ్మా. నిన్న పూజ గదా. మంగలారం రాత్తిరి, నిన్నంతా ఇక్కడే కూకున్నాను."

నిజమే చెబుతున్నాడు. కానీ కళ్ళు మాత్రం నా మీద లేవు. యార్డు మధ్యలో పడుకోబెట్టి ఉన్న పెద్ద ఇనుప డ్రమ్ము మీదికి మాటిమాటికీ పోతున్నాయి. ఎవరో రసాయనాల కంపెనీ వాళ్ళ కోసం చేసిన ట్యాంకు అది. లారీ అంత పొడవుంటుంది. కొత్తగా వెండిరంగు వేశారు. దాని మీద బంతిపూల దండ వేలాడుతోంది. ఆ చూపు మనసులో పెట్టుకుని గదివైపు నడిచాను.

గది తలుపు తెరిచే ఉంది. సీతారామరావు మంచం మీద కూర్చుని నోటుబుక్కులో రాసుకుంటున్నాడు.

"రండి కస్తూరమ్మగారూ. వంటయిపోయిందా? ఇక్కడ తాలింపు పెట్టడానికేమీ లేదండి. అంతా తేలిపోయింది."

"మీ పని మీరు కానివ్వండి బాబూ. నేను ముసలిదాన్ని, ఊరికే చూసిపోతాను."

గదిలో చూడటానికి ఎంతో లేదు. మూలని సైకిలు ఉంది, టైర్లలో గాలి బిగువుగా ఉంది. స్టూలు మీద దుమ్ములో గుండ్రటి మచ్చ ఉంది. అక్కడ ఎప్పుడూ ఉండే అలారం గడియారం లేదు. మంచం కింద మూడు ఖాళీ సున్నం బస్తాలు మడతపెట్టి ఉన్నాయి. మూడు బస్తాల సున్నం వాడిన మనిషి గదిలో గోడలకి ఒక్క చార పడలేదు. గుమ్మం పక్కన అతని తోలుచెప్పులు ఉన్నాయి. వాటి మీద వెండిరంగు చుక్కలు, కాలు మోపే చోట కూడా.

ఇక గోడమీద, ఫొటో ఫ్రేములో, ఆ అట్టముక్క.

దాని కథ నాకు తెలుసు. పదిహేడేళ్ళ కిందట, మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన ఏడాది, దేశాంతరంలో ఏదో విమానాల కంపెనీవాళ్ళు చంద్రుడికి సర్వీసు మొదలెడితే పిలుస్తాం, పేరు రాయించుకోండి అన్నారట. అసిరయ్య ఇంగ్లీషు తెలిసిన గుమాస్తా చేత ఉత్తరం రాయించాడు. మూడు నెలలకి నంబరు వేసిన కార్డు వచ్చింది. ఆ రోజు నా దగ్గర ఆనపకాయ పులుసు రెండుసార్లు పోయించుకున్నాడు.

"చూశారా దీన్ని?" అన్నాడు సీతారామరావు ఫ్రేము వైపు పెన్ను చూపించి. "వెల్డరుగారు చంద్రుడికి టిక్కెట్టు పుచ్చుకున్నారు. పిచ్చివాడండీ. పిచ్చివాడు దొంగతనం చేస్తే పట్టుకోవడం మాకు పిల్లలాట."

"రైలెక్కాడని ఎలా తెలిసింది మీకు?"

"మంగళవారం సాయంత్రం అయిదున్నరకి టాటానగర్ స్టేషన్ ముందు సైకిలు మీద మూటతో చూసినవాళ్ళు ఇద్దరున్నారు."

"ఉంటారు. నా మెస్సు నుంచి ఇక్కడికొచ్చే దారి అదే కదా. మూట కట్టింది నేనే. అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, ఆరు పూటలకి."

"అదీ! ప్రయాణం తిండి."

"ఏడింటికి గేటులోంచి లోపలికి వచ్చాడని ఆదిబాబు చెబుతున్నాడు. సైకిలు ఇదిగో, ఇక్కడే ఉంది. మరి ఆ సిలిండరు మీరెప్పుడైనా ఎత్తి చూశారా? ఇద్దరు పట్టి మోస్తారు దాన్ని. అరవై ఏళ్ళ మనిషి దాన్ని భుజాన వేసుకుని, ఈ చెప్పులు కూడా ఇక్కడే వదిలి, ఉత్తకాళ్ళతో స్టేషనుకి నడిచాడంటారా?"

పెన్ను ఆగింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఎవరో సాయం ఉండుంటారు. రిక్షా పెట్టుంటాడు."

"గేటులోంచి రిక్షా వెళితే ఆదిబాబు చూడడా?"

"వాడూ దొంగే అయుంటాడు!" నోటుబుక్కు టపీమని మూశాడు. "అయినా ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఊళ్ళో వందమందికి క్యారియర్లు కడతారు. ఈ ఒక్క మనిషి కోసం ఆటో కట్టించుకుని వచ్చారేమిటి? ఈ వయసులో జనం నాలుగు రకాలుగా అనుకుంటారు."

చెప్పొద్దూ, ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకు తగిలిందో ఆయనకి తెలియదు.

"వందమంది క్యారియరు తీసుకుపోతారు బాబూ," అన్నాను. "మరునాటికి క్యారియరు కట్టించుకున్నా, రాత్రి నా గడపలో కూర్చుని తిని, కబురు చెప్పి వెళ్ళేవాడు ఇతనొక్కడే. అందుకు వచ్చాను. మీ నోటుబుక్కులో రాసుకోండి."

చెప్పులు చేత్తో పట్టుకుని ఆదిబాబు దగ్గరికి వచ్చాను. వాడు ట్యాంకు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఒరే, ఇవి గది ముందుకి ఎవరు తెచ్చేరు?"

"నానే మామ్మా. నిన్న పొద్దున్న ఈ డ్రమ్ము కాడ పడున్నాయి. పూజకి సోటు సుబ్బరంగా ఉండాలనీసి తీసి అక్కడ ఎట్టినాను."

"డ్రమ్ముకి రంగెప్పుడు ఏసేరు?"

"నిన్న పొద్దున్న ఆరు సైరన్‌కి మొదలెట్టి, తొమ్మిదింటికి అయిపోగొట్టేరు. పది గంటలకి పూజ."

అంటే రంగు వేసేటప్పుడు చెప్పులు ఇక్కడే ఉన్నాయి. చుక్కలు లోపల కూడా పడ్డాయి కాబట్టి వాటిలో కాళ్ళు లేవు. మనిషి ఇక్కడిదాకా వచ్చి చెప్పులు విప్పాడు. మళ్ళీ తొడుక్కోలేదు.

నేను దండ వైపు చూశాను. నిన్న పదిహేడో తారీకు, విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఆ రోజు పనిముట్టు పట్టుకోరు. లేతుల నుంచి సుత్తులదాకా అన్నిటికీ బొట్టుపెట్టి దండవేసి విశ్రాంతి ఇస్తారు. యార్డులో క్రేనుకి, వెల్డింగు మిషనుకి నిన్నటి దండలు వాడి వేలాడుతున్నాయి. డ్రమ్ము మీది దండ ఒక్కటే తాజాగా ఉంది. దాని కింద అగరొత్తి బూడిద ఇంకా రాలలేదు.

"పూజ నిన్న గదరా. ఇవాళ దీనికొక్కదానికే కొత్తపూలు ఎవరు తెచ్చేరు?"

ఆదిబాబు రెండు చేతులూ జోడించాడు. నాకు కాదు, డ్రమ్ముకి.

"సెప్తే నవ్వుతావు మామ్మా."

"నవ్వను. చెప్పు."

"నిన్న మద్దేన్నం పన్నెండింటికి అందరూ పెసాదం తినీసి ఎల్లిపోనారు. యార్డంతా సప్పుడు నేదు. నానొక్కుణ్ణే. అప్పుడు దీన్లోంచి... టంగ్, టంగ్, టంగ్ అనీసి మూడుసార్లు." వాడు డ్రమ్ము వైపు చూశాడు. "పనిముట్టు ఎవులూ ముట్టని రోజు. ఇనుము దానంతటదే మోగితే ఎవులది మామ్మా? విశ్వకర్మ బాబు కాడా? లోపల కూకుని పని సేసుకుంటన్నాడు అనుకున్నాను. నాను కూడా గేటు తాళంకాయితో మూడుసార్లు తట్టి దండం ఎట్టినాను. ఎవులికీ సెప్పనేదు. సెప్తే బాబు ఎల్లిపోతాడని."

నేను డ్రమ్ము మీద చేయి వేశాను.

"తరవాత?"

"మూడు గంటలకోసారి మోగింది. సాయంత్రం, రాత్తిరి. ఇవాళ పొద్దున్న ఆరింటికి కూడా మోగింది, మెల్లగా. తొమ్మిదింటికి మోగనేదు. పన్నెండింటికీ మోగనేదు. కోపమొచ్చిందేమో అనీసి కొత్త దండ తెచ్చి ఏసినాను."

ముప్ఫయ్యేళ్ళుగా ఎవరేం తిన్నారో గుర్తున్నదాన్ని. మంగళవారం సాయంత్రం జరిగింది మాత్రం గుర్తు తెచ్చుకోకుండా రెండు రోజులు పక్కకి నెట్టాను. మూట అందుకుంటూ అసిరయ్య అడిగాడు: "వదినా, ఎల్లుండిదాకా మా యార్డుకొచ్చి కూకుంటావేటి? నువ్వేటీ సెయ్యక్కర్నేదు. అప్పుడప్పుడు తడితే సాలు. ఒక్కుణ్ణీ ఉండలేనేమో అనుంది." ఏం తట్టాలి, ఎక్కడ తట్టాలి అని నేను అడగలేదు. రెండు రోజులు మగాడి యార్డులో కూర్చుంటే ఊరేటంటది అనేసి నవ్వేశాను. అతనూ నవ్వాడు. నా నవ్వు చూశాక ఇంకేమీ చెప్పలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అన్నం కలుపుకుంటూ అతను చెప్పిన మాటలన్నీ.

"ఇక్కణ్ణుంచి ఖరగ్‌పూరు ఎల్లిన ఇంజిన్నీ, బోగీల్నీ అక్కడే నదిలోకి తోసీసి, తిరిగి రావడానికి కొత్త రైలు కడితే టిక్కెట్టు ఎంతవుతాది వదినా? రాకెట్టోళ్ళు సేత్తన్నదదే. ఎల్లిన బండే తిరిగి ఎల్లాల. మల్లీ మల్లీ ఎల్లాల. అప్పుడు జనరల్ బోగీ ఏత్తారు. నువ్వూ నానూ ఎక్కొచ్చు."

మొన్న జనవరిలో అమెరికావాళ్ళ రాకెట్టు గాలిలో పేలిపోయి, అందులో ఎక్కిన పంతులమ్మ కూడా పోయిందని తెలిసిన రోజు సగం అన్నం వదిలేశాడు. "అయిపోయింది వదినా. ఇంక పాతికేళ్ళు మామూలోళ్ళని దాని దరికి రానియ్యరు. మామూలోడు కూడా మూసిన గదిలో కూకోగలడని ఎవడో సూపించాల. సూపించి తిరువనంతపురం రాకెట్ల ఆఫీసుకి ఉత్తరం రాయాల."

ఇంకోరోజు, చారు పోసుకుంటూ: "మూసిన గదిలో ముందు అయిపోయేది గాలి కాదు. సిలిండరు పక్కనుంటే గాలికి లోటు నేదు. మనం ఇడిసిన సెడ్డగాలిని సున్నం తాగాల. సున్నం అయిపోతే నిద్దరొచ్చేత్తాది. ఆ నిద్దరలోంచి లెగడం ఉండదు."

మూడు బస్తాల సున్నం.

"సీతారామరావుగారూ!" అని నేను అరిచిన అరుపుకి ఆయన గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "మీ దొంగ దీన్లో ఉన్నాడు. సిలిండరూ దీన్లోనే ఉంది, దొర్లించి తోసుకుని ఉంటాడు. ఇవాళ పొద్దున్న ఆరింటిదాకా బతికున్నాడు."

అప్పుడే గేటు దగ్గర హారను మోగింది. ట్యాంకు ఎత్తుకుపోవడానికి కూలీలతో ట్రైలరు వచ్చింది. దాని వెనక ఫోర్‌మన్ బంగార్రాజు స్కూటరు మీద వస్తూ, "హటో, హటో! అయిదింటికల్లా లోడు అయిపోవాల!" అని కేకలేస్తున్నాడు. నేను వెళ్ళి ట్రైలరు ముందు నిలబడ్డాను.

"ఏటి మామ్మా ఇది? మాల్ చెకింగులో పాస్ అయిపోయింది. ఇంక మూతకి కంపెనీ సీలు పడాల."

"దీని కొసన మనిషి పట్టే ఆ మూత ఎవరు బిగించేరు?"

"నానే బిగించించేను. నిన్న పొద్దున్న. బోల్టులు ఉత్తినే వేలాడతన్నాయి. పూజనాడు నట్టు ఒదులుగా ఉండకూడదు గదా, అపశకునం. ఎనిమిది బోల్టులూ టైటు కొట్టించి మరీ రంగేయించేను."

"లోపల ఎవరైనా ఉన్నారేమో చూసేవా?"

"మూత లోపల్నుంచి గట్టిగా అతుక్కుని ఉంది. ఎవులుంటారు లోపల?" అన్నాడు. అని, నా చేతిలో చెప్పులు చూశాడు. స్కూటరు దిగి పానా చేతిలోకి తీసుకున్నాడు.

సీతారామరావు మాత్రం ఒప్పుకోలేదు. "అంతా కట్టుకథ! చప్పుడట, దేవుడట! పాస్ అయిన మాల్ విప్పితే నష్టానికి ఎవరు బాధ్యులు? మీ క్యారియర్ల డబ్బు చాలుతుందా?"

నేను బంగార్రాజు చేతిలోంచి పానా లాక్కుని డ్రమ్ముని మూడుసార్లు కొట్టాను. చెవి ఆనించాను. వెండిరంగు నా చెంపకి చల్లగా తగిలింది.

ఏమీ లేదు.

మళ్ళీ మూడు. నేను మనసులో అంకెలు పెట్టుకున్నాను. ఇరవై. ముప్ఫై. నలభై దాటాక లోపల్నించి ఒక్క దెబ్బ వినబడింది. గోరుతో తట్టినంత. ఒక్కటే.

సీతారామరావు టోపీ తీసేశాడు. మరుక్షణం అందరికన్నా గట్టిగా ఆయనే అరిచాడు: "గ్యాస్ కట్టర్ తెండి! కోసేయండి మూత!"

ఎవరో అప్పుడే కట్టర్ వెలిగించారు. నీలం మంట బుస్సుమంది.

"ఆర్పండి!" మూతకి వీపు ఆనించి నిలబడ్డాను. "లోపలంతా సిలిండరు గాలి. నిప్పురవ్వ పడితే గుడ్డలు, జుట్టు అన్నీ ఒక్కసారే అంటుకుంటాయి. ఇది చెప్పింది కూడా అతనే. బంగార్రాజూ, నువ్వు చెప్పు, అబద్ధమా?"

బంగార్రాజు కట్టర్ లాక్కుని మట్టిలో పారేశాడు. "సచ్ బాత్ హై. పానాలు! బేగి, బేగి!"

నాలుగుంపావుకి మొదటి నట్టు కదిలింది. నలుగురు నాలుగు పక్కలా పట్టారు. రంగు ఎండి నట్లు కరుచుకుపోయాయి. ఏడు వచ్చాయి. ఎనిమిదోది అంచులు అరిగి పానా జారిపోతోంది. సీతారామరావు చొక్కా విప్పి, దాన్ని నట్టుకి చుట్టి, పైపు పానా తగిలించి, బూటుకాలు డ్రమ్ముకి తన్నిపెట్టి గుంజాడు. అరచేయి చీరుకుపోయింది, వదల్లేదు. నట్టు కీచుమని తిరిగింది. మూత లోపల కొక్కెంతో బిగించి ఉంది. గునపం దూర్చి తిప్పితే ఊడింది.

వేడి గాలి, చెమట వాసన, తడిసున్నం వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టాయి.

లోపల ట్రేల నిండా సున్నం పరిచి ఉంది. దాని మధ్య తను చేసుకున్న కుర్చీ, నడుముకి బెల్టు. అసిరయ్య తల పక్కకి వాలిపోయి ఉంది. చేతిలో చిన్న సుత్తి అలాగే ఉంది. బంగార్రాజు దూరి చంకలకింద చేతులు వేసి లాగితే, సీతారామరావు తలకింద తన చేయి పెట్టి అందుకుని నీడలో పడుకోబెట్టాడు. పెదాలు నల్లబడ్డాయి. నేను సీతారామరావు నోటుబుక్కు అట్టతో గాలి విసిరాను. ఎంతసేపో తెలియదు. ఊపిరి గరగరమంటూ పెద్దదయింది. కళ్ళు తెరిచాడు.

ముందు చూసింది, ఆదిబాబు లోపల్నించి తీసి పట్టుకున్న గడియారం వైపు. అయిదుకి పది నిమిషాలు.

"ఇంకా మూడు గంటలుంది గదా," అన్నాడు ముద్దముద్దగా. "ఎవులు ఇప్పీమన్నారు?"

"నువ్వు నోరుముయ్యవయ్యా!" అన్నాడు సీతారామరావు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు ఊరుకున్నాను.

అసిరయ్య నా చేయి వెతుక్కుని పట్టుకున్నాడు.

"ఓడిపోతాననుకున్నాను వదినా. నిన్న పన్నెండింటికి. గాలి బాగానే ఉంది, సున్నం బాగానే ఉంది. ఒంటరితనమే తట్టుకోలేపోనాను. ఏడుపొచ్చేసింది. ఇంక బయటికొచ్చీదామనీసి కొక్కెం మీద సెయ్యేసినాను. ఆఖరిసారి ఊరికే సుత్తితో తట్టినాను." ఆగి గాలి పీల్చుకున్నాడు. "నువ్వు బయట్నుంచి తట్టేవు. మూడుసార్లు. వచ్చీసేవని తెలిసిపోయింది. ఇంక బెంగ నేదు. ఆ తరవాత కొక్కెం ముట్టుకోనేదు." కొక్కెం తీసినా బయటి బోల్టులు రానిచ్చేవి కావని అతనికింకా తెలియదు.

వెనక ఆదిబాబు, "మామ్మా, అది..." అని ఆగిపోయాడు.

"పైకెల్లేవోడికి కిందనొక మనిషుండాల, వదినా. ఉత్తరంలో అది కూడా రాత్తాను. మల్లీసారి నాలుగు రోజులు కూకుంటాను. నువ్వు ఉంటావు గదా?"

నిన్న పన్నెండింటికి నేను బాగ్‌బేరాలో ఉన్నాను. కాలనీ అంతా పూజలకి వెళ్ళిపోయింది, మెస్సుకి సెలవు. ఖాళీ వంటింట్లో పీట మీద ఒక్కదాన్నే కూర్చుని, నా ఒక్కదానికీ వేసుకున్న అన్నం కూడా తినబుద్ధి కాక, గిన్నె మీద మూత పెట్టేశాను.

"ముందు నీళ్ళు తాగు," అన్నాను.

చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.